మాట్లాడని అల్లుడు

మా అల్లుడు నాతో మాట్లాడడు. పెళ్ళయి మూడేళ్ళు దాటింది. ఇంతవరకు నన్ను ఒక్క మాట అడగలేదు, నా మొహంలోకి చూడలేదు, నేను కూర్చున్న గదిలో కూర్చోలేదు. ఈ సంగతి మొదటిసారి విన్నవాళ్ళు అయ్యో పాపం అని నా చెయ్యి పట్టుకుంటారు. న్యూజిలాండ్‌లో మేముండే ఫ్లాట్ బుష్ అనే పేటలో తెలుగు ఆడవాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి పట్టుకున్నారు. వాళ్ళ అల్లుళ్ళు మంచివాళ్ళు. "అత్తయ్యగారూ, వైఫై పాస్‌వర్డ్ ఏంటండీ" అని అడుగుతారు. అడిగాక సాయంత్రం దాకా ఫోన్లోంచి తల ఎత్తరు. మాట్లాడే అల్లుళ్ళ సంగతి నేను బాగానే చూశాను.

అతను మొదటినుంచీ మాటకారి కాకపోతే నాకు ఏ బాధా ఉండేది కాదు. పెళ్ళికి ముందు మా ఇంటికి వచ్చినప్పుడు నేను పెసరట్లు వేస్తుంటే పొయ్యి పక్కనే నిలబడి గంటసేపు కబుర్లు చెప్పాడు. వాళ్ళ అమ్మమ్మ అడవిపళ్ళు ఉడకబెట్టి చేసే తీపి వంటకం గురించి, వాళ్ళ ఊళ్ళో చలికాలం గుర్రాల మీసాలకు మంచు పట్టడం గురించి, చిన్నప్పుడు గుర్రం మీంచి పడి విరగ్గొట్టుకున్న పన్ను గురించి. పెసరట్టులో అల్లం ఎక్కువైందని కూడా అన్నాడు. నిజంగానే ఎక్కువైంది. నాకు అతను నచ్చాడు. అమ్మాయికి నచ్చడం ఎలాగూ నచ్చాడు, నాకూ నచ్చాడు. అలాంటివాడు పెళ్ళి మర్నాటినుంచి నోటికి తాళం వేసుకున్నాడు.

అతనిది అమెరికాలో మోంటానా అనే రాష్ట్రం. క్రో తెగవాడు. వాళ్ళు తమ భాషలో తమను అప్సాలుకే అని చెప్పుకుంటారు. పెద్ద ముక్కున్న పక్షి పిల్లలు అని దానర్థమట. ఆ పక్షి కాకే అయి ఉంటుందని ఎవరో అనుకుని క్రో అనే పేరు తగిలించారు. ఈ సంబంధం సంగతి విశాఖపట్నంలో ఉన్న మా అక్కకు ఫోన్లో చెబితే, "కాకుల తెగేమిటే, మీరు పెట్టుకుంటున్నది పెళ్ళా తద్దినమా" అంది. మా అక్క నోరు అలాంటిది. నా నోరూ అలాంటిదే.

అతను న్యూజిలాండ్ వచ్చింది చదువుకోవడానికి. మావోరీ వాళ్ళు తమ భాషను పసిపిల్లల బడుల్లో పెట్టి ఎలా నిలబెట్టుకున్నారో నేర్చుకుని, వాళ్ళ ఊళ్ళో పిల్లలకు క్రో భాష అలాగే నేర్పాలని అతని ఆలోచన. ఇక్కడి ఆల్బనీలో యూనివర్సిటీలో చేరాడు. మా అమ్మాయి అటువైపే ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తుంది. ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళు. డ్రైవర్‌తో ఊరూ పేరూ కనుక్కుని ముచ్చట్లు పెట్టేవాడు బస్సు మొత్తంలో అతనొక్కడేనని, అందుకే చూశానని మా అమ్మాయి చెప్పింది.

పెళ్ళి ఇక్కడే ఒక కమ్యూనిటీ హాల్లో చేశాం. అతని తల్లి, అక్కచెల్లెళ్ళు పెద్ద పెద్ద పెట్టెలతో వచ్చారు. వాళ్ళలో కొత్త కోడలికి తల నుంచి కాలిదాకా బట్టలు పెట్టి ముస్తాబు చేసేది మగపెళ్ళివారి ఆడవాళ్ళేనట. మా అమ్మాయికి ఎర్ర ఉన్ని గౌను ఒకటి తొడిగారు. దాని నిండా వరసలు వరసలుగా పళ్ళు కుట్టి ఉన్నాయి. ఎల్క్ అనే పెద్ద జింక పళ్ళు. ఒక్కో జింకకు అలాంటివి రెండే ఉంటాయి. ఈమధ్య చాలామంది నకిలీవి కుట్టిస్తారట గానీ, ఇందులో సగం అతని అమ్మమ్మ గౌను నుంచి విప్పి కుట్టినవి. కంచి పట్టుచీర మీద నాకున్న గర్వం ఆ పూట కాస్త తగ్గింది.

భోజనాలయ్యాక వాళ్ళు హాలు మధ్యలో ఉన్ని దుప్పట్లు గుట్టగా పోసి, ఒక్కొక్కరినే పిలిచి పంచడం మొదలుపెట్టారు. మంచి జరిగిన ఇంట్లోవాళ్ళు పదిమందికీ పంచాలని వాళ్ళ పద్ధతి. నేను కొన్న ఇత్తడి కుంకుమ భరిణెలు నేనూ పంచాను. వాళ్ళు దుప్పటి ఇస్తే నేను భరిణె, నేను భరిణె ఇస్తే వాళ్ళు శాలువా. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ అల్లుడు తన సొమ్మే దానం చేస్తుంటే అత్త నోరు తెరుచుకుని చూసింది.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. నేను కాఫీ కలుపుతూ, "నీకు పంచదార ఎంత వెయ్యమంటావు బాబూ" అని ఇంగ్లీషులో అడిగాను. అతను చటుక్కున మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తర్వాత తలుపు తీసుకుని ఇంటి వెనక డెక్ అనే చెక్క అరుగు మీదికి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. రాత్రి ఏదైనా మాట జారానా, వాళ్ళమ్మకు మర్యాద తక్కువైందా అని తిరగేసుకుంటూ కాఫీ పొంగబెట్టాను.

మా అమ్మాయి వచ్చి స్టవ్ ఆపింది. "అమ్మా, అది నీమీద కోపం కాదు. రెస్పెక్ట్. వాళ్ళలో సన్-ఇన్-లా, మదర్-ఇన్-లా మాట్లాడుకోరు. చూసుకోరు కూడా. ఇప్పుడందరూ ఫాలో అవ్వరులే. తనని పెంచింది వాళ్ళ అమ్మమ్మ కదా, అందుకని తను ఫాలో అవుతాడు."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా."

"చెప్తే పెళ్ళి ముందే తనకి లెక్చర్ ఇచ్చేదానివి."

ఇచ్చేదాన్నే. అందులో సందేహం లేదు. "ఎన్నాళ్ళుంటుంది ఈ మౌనవ్రతం" అని అడిగాను.

"ఎప్పటికీ. తీసేయాలంటే తను నీకు చాలా పెద్ద గిఫ్ట్ ఇవ్వాలి. వాళ్ళలో అయితే గుర్రం ఇస్తారు. ఇస్తే ఇంక నీతో మాట్లాడొచ్చు." అని, నవ్వుతూ మళ్ళీ అంది. "ఇంకో వే కూడా ఉంది. నేను చచ్చిపోతే. అప్పుడు నువ్వు తనకి అమ్మవైపోతావు. తనే వచ్చి నిన్ను అమ్మా అని పిలుస్తాడు."

"పెళ్ళయిన మర్నాడు ఆ మాటలేమిటే" అని నెత్తిమీద ఒక్కటి మొట్టాను. మెడలో పసుపుతాడు ఇంకా తడారలేదు.

నా కోపానికి ఇంకో కారణం ఉంది. ఈ పద్ధతి నాకు కొత్త కాదు. మా అమ్మమ్మ మా నాన్నతో మాట్లాడేది కాదు. మాది కాకినాడ దగ్గర ఊరు. నాన్న అత్తవారింటికి వస్తే అమ్మమ్మ వంటింటి తలుపు వెనక్కి వెళ్ళిపోయేది. అక్కడినుంచి ఎవరినీ ఉద్దేశించకుండా, "పులుసు ఇంకా ఉందని చెప్పండర్రా" అనేది. నాన్న విస్తరిలోకి చూస్తూ, "చాలని చెప్పండి" అనేవారు. ఇద్దరి మధ్యా తలుపు చెక్క మాత్రమే ఉండేది. మా అమ్మ గరిటె పట్టుకుని నవ్వు ఆపుకుంటూ నిలబడేది. నాన్న వస్తే గుమ్మంలో ఒకసారి గట్టిగా దగ్గేవారు, అమ్మమ్మ తప్పుకోవడానికి. అలా తలుపు వెనకే అమ్మమ్మ ముసలిదైపోయింది. ఆమె పోయిన రోజు నాన్న పెరట్లో కూలబడి ఏడ్చారు. ఒక్కసారైనా ఎదురుపడి పలకరించని మనిషి కోసం అంత ఏడుపేమిటని నాకు అర్థం కాలేదు. పైగా చిరాకేసింది. బతికుండగా ఒక మాట మాట్లాడితే సరిపోయేది కదా అనుకున్నాను.

ఆ తలుపు వెనక నేను నిలబడకూడదని పట్టుబట్టి చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, సముద్రాలు దాటి వచ్చాను. ఆఫీసులో నాకంటే రెండింతలున్న తెల్లవాళ్ళను మీటింగులో "ఆగండి, నేను పూర్తి చేయలేదు" అంటాను. అలాంటి నాకు, తిరిగి తిరిగి, నా డబ్బుతో కట్టుకున్న నా ఇంట్లో అల్లుడు మొహం తిప్పుకోవడం. ఎక్కడికి వెళ్ళినా తలరాత తప్పదంటారు.

పైగా మా ఇంట్లో తలుపు కూడా లేదు. ఇక్కడి కొత్త ఇళ్ళన్నీ అంతే. వంటిల్లు, భోజనాల బల్ల, సోఫాలు అన్నీ ఒకే పెద్ద గది. దాక్కోవడానికి ఫ్రిజ్ తలుపు తప్ప ఏమీ లేదు. అందుకని మెల్లగా కొన్ని ఏర్పాట్లు వాటంతట అవే కుదిరాయి. వాళ్ళుండేది వేరే ఇంట్లో. ఇక్కడికి వస్తే అతను ముందు గుమ్మంలోంచి రాకుండా డెక్ మీంచి వస్తాడు. వచ్చేముందు జేబులోంచి కారు తాళాల గుత్తి తీసి గలగలలాడిస్తాడు. అది వినగానే నేను సింకు వైపు తిరుగుతాను. అతను తల దించుకుని నా వెనకనుంచి మెట్లెక్కి పైన మా అమ్మాయి గదిలోకి వెళ్ళిపోతాడు. మా నాన్న దగ్గు బదులు ఇక్కడ కారు తాళాలు, అంతే తేడా.

మాట్లాడకపోయినా అతను చేసేవి చాలా ఉన్నాయి. ఎప్పుడైనా స్నేహితులతో చేపలకు వెళితే, ఉన్నవాటిలో పెద్ద స్నాపర్ చేపకు పొలుసు తీసి, కడిగి, సింకులో పెట్టి వెళతాడు. నేను పులుసు పెడతాను. తిన్నాక పైనుంచి మా అమ్మాయితో కావాలని గట్టిగా, "మీ అమ్మ చేతి పులుసు తింటే మా అమ్మమ్మ కూడా బాగుందని ఒప్పుకుంటుంది" అంటాడు. నేను కింద గిన్నెలు తోముతూ, "ఉప్పు తగ్గిందేమో అడగవే" అని పైకి వినబడేలా అంటాను. ఇలా అంటున్నది నేనేనా అని నాకే నవ్వొచ్చేది. అమ్మమ్మ గొంతే నాలోంచి వచ్చేది.

కానీ నవ్వుతో కడుపు నిండదు. వాళ్ళలో ఏ ఇద్దరి తండ్రులైనా ఒకే వంశం వాళ్ళయితే, ఆ ఇద్దరూ నలుగురిలో ఎంత వెటకారమైనా చేసుకోవచ్చు, కోపం తెచ్చుకోకూడదు. మన బావా బావమరదుల సరసం దానిముందు నయం. అలాంటి చుట్టం ఒకడు వీడియోకాల్ చేసి, సముద్రం ఒడ్డున చేరి గుర్రమెక్కడం మర్చిపోయావట కదా, పడవకు కళ్ళెం వేస్తున్నావట కదా అని ఏడిపిస్తే, మా అల్లుడు ఇల్లు ఎగిరిపోయేలా నవ్వి రెండింతలు తిరిగి అనేవాడు. నేను కింద కూర్చుని వినేదాన్ని. లోకమంతటితో మాట్లాడతాడు, నాతో తప్ప. ఆ పెసరట్ల పూట చెప్పిన కబుర్లు మళ్ళీ ఎప్పుడు చెబుతాడా అని నాకు ఉండేది. నాకు కొడుకులు లేరు. ఉంటే ఇలా ఉండేవాడని అతన్ని చూసి అనుకున్నాను. పైకి చెప్పలేదు గానీ, ఆ మౌనంలో నాకు అసలు కష్టం అదే.

మా అమ్మాయికి నెలలు నిండే సమయానికి ఇద్దరినీ మా ఇంటికి తెచ్చేసుకున్నాను. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఆసుపత్రి పురుడే అయినా, ఆసుపత్రికి బయల్దేరేది పుట్టింటి నుంచే అన్నాను. అతనేమీ అభ్యంతరం చెప్పలేదు. వాళ్ళలోనూ వంశం తల్లివైపు నుంచే వస్తుంది కాబట్టి ఆడపిల్ల తల్లి దగ్గర ఉండడం అతనికి సహజంగానే తోచింది. ఈ మాట మీదే ఒక చిక్కు బయటపడింది. మనకు గోత్రం తండ్రి నుంచి, వాళ్ళకు వంశం తల్లి నుంచి. పుట్టబోయే బిడ్డకు ఇటు గోత్రమూ లేదు, అటు వంశమూ లేదు. "రెండు వైపులా సున్నానే" అని మా అక్క అంది. అతని అమ్మమ్మ మాత్రం, పిల్లకు తండ్రి వంశం పెద్దలున్నారుగా, వాళ్ళు కలలు కని, దీవించి, పేరు పెడతారు, మిగిలింది మేం చూసుకుంటాం అని కబురు చేసింది.

ఆమె ఒక ఊయల పలక కూడా పంపింది. బిడ్డను అందులో పెట్టి తోలు పట్టీలతో కడతారు. నీలం, గులాబీ పూసలతో అంత పనితనం నేను ఎక్కడా చూడలేదు. తోలూ, ఎండు గడ్డీ ఉన్నాయని విమానాశ్రయం వాళ్ళు తనిఖీకి ఆపేశారు. ఈ దేశంలోకి గడ్డిపోచ రావాలన్నా పరీక్ష తప్పదు. మా ఆవకాయ జాడీలు ఎన్నిసార్లు ఆ బల్లమీద నిలబడ్డాయో నాకు తెలుసు. పలక వస్తుందో రాదో తెలియని ఆ రోజుల్లో అతను డెక్ మీద అటూ ఇటూ తిరిగేవాడు, నేను వంటింట్లో తిరిగేదాన్ని. ఇద్దరి తిట్లూ ఒకే ఆఫీసు మీద. చివరికి గడ్డి మాత్రం తీసేసి పలక ఇచ్చారు. ఆ పూట సింకు దగ్గర నిలబడి, "నాకూ సంతోషమే అని చెప్పవే" అన్నాను. మా అమ్మాయి చెప్పకముందే అతను డెక్ మీంచి నవ్వడం వినిపించింది.

ఆ ఊపులో నేను పట్టుబట్టాను. మా ఆయన వెల్లింగ్టన్‌లో ఐటీ కాంట్రాక్టు చేస్తారు, వారమంతా అక్కడే. ఇంట్లో ఉండేది మేం ముగ్గురం. "నొప్పులొచ్చాక నేనొకటి అడగాలి, అతనొకటి చెప్పాలి. నువ్వు మంచం మీదుండి మాటలు మోస్తావా? బిడ్డ పుట్టేలోపు ఆ గుర్రమేదో ఇచ్చేయమను" అన్నాను.

మా అమ్మాయి వెళ్ళి అడిగింది. అతను రెండు రోజులు వాళ్ళ అమ్మమ్మతో మాట్లాడి కబురు పంపాడు. వాళ్ళ ఊళ్ళో అతనిదే ఒక బూడిదరంగు ఆడగుర్రం ఉంది. బిడ్డకు పేరు పెట్టే రోజున దాన్ని నా పేరున ఇస్తాడు. అలాంటివి మంచిరోజు చూసి, పెద్దల ముందు ఇవ్వాలి కాబట్టి అప్పటిదాకా ఆగమన్నాడు. ఆగకేం చేస్తాను. మా అక్కకు ఫోన్ చేసి, "నాకు గుర్రం వస్తోంది" అన్నాను. "ఎక్కడ కడతావే, గరాజ్‌లోనా" అంది. ఆ రాత్రి చాలా హాయిగా నిద్రపట్టింది. అతన్ని మొదట ఏం అడగాలో కూడా అనుకున్నాను. ఆ విరిగిన పన్ను కథ సగంలో ఆగిపోయింది.

నొప్పులు తెల్లవారాక మొదలయ్యాయి. మా ఆయన బయల్దేరదామంటే వెల్లింగ్టన్ గాలికి విమానాలు ఆపేశారు. అక్కడి గాలికి మన ముహూర్తాలతో పనిలేదు. అతను కారు నడిపాడు, పక్కన మా అమ్మాయి, వెనక సీట్లో కిటికీ వైపు మొహం పెట్టుకుని నేను. మోటర్‌వే మీద ఆఫీసు ట్రాఫిక్. ఆమె మూలిగినప్పుడల్లా మా ఇద్దరి చేతులూ ఒకేసారి ఆమె భుజం దాకా వెళ్ళి, ఒకదాన్నొకటి తప్పించుకుని వెనక్కి వచ్చేవి.

మధ్యాహ్నం దాకా అంతా సవ్యంగానే ఉంది. తర్వాత మిడ్‌వైఫ్ మొహం మారింది. గోడమీద బటన్ నొక్కగానే గదినిండా మనుషులు వచ్చారు. రక్తం పోతోందని, మత్తిచ్చి ఆపరేషన్ చేయాలని, మత్తిస్తే భర్తనైనా లోపలికి రానివ్వరని చెప్పి మంచాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయారు. మా అమ్మాయి చెయ్యి మంచం పక్కన వేలాడుతూ ఉంది. ఆ చేతిని పట్టుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు.

ఆపరేషన్ థియేటర్ బయట పొడుగు వసారాలో ఈ చివర నేను, ఆ చివర కిటికీకి మొహం పెట్టి అతను. కాసేపటికి ఒక నర్సు వచ్చి ఆడపిల్ల పుట్టిందని, పిల్ల బాగుందని, డాక్టర్ చూస్తున్నారని చెప్పింది. తల్లి గురించి అడిగితే ఇంకా లోపలే ఉందంది. ఎలా ఉందంటే మళ్ళీ అదే మాట అంది. మనవరాలు పుట్టిందన్న సంతోషం నాకు కలగలేదు. నా పిల్ల లోపల ఉంటే ఇంకొకరి పిల్ల గురించి చెబుతున్నట్టుంది.

ఇంకొంతసేపటికి తలుపు కొద్దిగా తెరిచి, భర్త ఒక్కరే రావాలని పిలిచారు. నేనూ లేచాను. "మీరు ఇక్కడే ఉండండి" అన్నారు. అతను తల దించుకుని నా పక్కనుంచి లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

అప్పుడు నాకు మా అమ్మాయి నవ్వుతూ అన్న మాట గుర్తొచ్చింది. ఇంకో దారి కూడా ఉందన్న మాట. నేను చచ్చిపోతే తనే వచ్చి నిన్ను అమ్మా అని పిలుస్తాడన్న మాట. మళ్ళీ కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ తలుపు తెరుచుకుంటుంది. అతను బయటికి వస్తాడు. నా మొహంలోకి చూస్తే అయిపోయినట్టే. మూడేళ్ళు దేనికోసం మొత్తుకున్నానో, అది ఇప్పుడు జరగకూడదు. అతని నోట్లోంచి మాట రాకూడదు. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. నా పిల్లను బతికించమని మొక్కాలని తోచలేదు. అతన్ని మాట్లాడనివ్వకు, నన్ను చూడనివ్వకు అని మాత్రమే మొక్కాను. రెండూ ఒకటే అని నాకు తెలుసు. పక్కన ఎవరున్నారో పట్టించుకోకుండా పైకే అన్నాను. తెలుగులో అన్నాను కాబట్టి ఎవరికీ అర్థం కాలేదు.

ఎంతసేపు అలా నిలబడ్డానో చెప్పలేను. తలుపు మాత్రం తెరుచుకోలేదు. దాని అవతలి నుంచి ముందు ఒక చప్పుడు వచ్చింది.

తాళాల గుత్తి గలగలలాడింది.

నేను గోడవైపు తిరిగిపోయాను. తిరిగి, నుదురు గోడకు ఆనించి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. వెనక తలుపు తెరుచుకుంది. అతను నా వెనకనుంచి నడిచి వెళ్ళడం వినబడింది. అతనూ ఏడుస్తున్నాడు, ముక్కు ఎగపీల్చడం తెలుస్తోంది. వసారా చివర ఆగి, అక్కడున్న నర్సుతో గట్టిగా, నాకు వినబడాలని, "రక్తం ఆగింది, మెలకువ వచ్చింది, వాళ్ళమ్మను పిలవమంటోంది. ఆవిడకు చెప్పండి" అన్నాడు. నర్సు నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి అదే మాట మళ్ళీ చెప్పింది. నాకు అప్పటికే తెలుసు.

మా నాన్న పెరట్లో ఎందుకు ఏడ్చారో నాకు ఆ వసారాలో తెలిసింది. అమ్మమ్మ తలుపు వెనక ఉన్నన్నాళ్ళూ ఆ ఇల్లు ఇల్లుగా ఉందన్నమాట.

పిల్ల ఇంటికి వచ్చింది. తల్లి మెల్లగా కోలుకుంది. మా ఆయన వారం సెలవు పెట్టి, పనికిరాని సలహాలు చాలా ఇచ్చారు. మేం బారసాల చేశాం. తర్వాత అతని తండ్రి వంశం పెద్దాయన ఒకరు మోంటానా నుంచి వచ్చి, గుప్పెడు ఆకుల పొగ వేసి, పిల్లను నాలుగుసార్లు, ఒకసారికంటే ఒకసారి ఎత్తుగా, పైకెత్తి పేరు పెట్టారు. పొగకు ఇంట్లో అలారం మోగింది. మా ఆయన కుర్చీ ఎక్కి దాన్ని ఊడదీశారు. పెద్దాయన ఏమీ ఎరగనట్టు దీవెన పూర్తి చేశారు. అలారం మోగిన ఇల్లు గుర్తుంటుంది, మంచిదే అన్నారట.

పేరు పెట్టడం అవుతూనే మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఫోన్లో ఫోటో. మంచులో నిలబడి ఉన్న బూడిదరంగు ఆడగుర్రం, మెడమీద జూలు గాలికి లేచి ఉంది. కళ్ళు చల్లగా ఉన్నాయి. డెక్ మీద అతను, పెద్దాయన నిలబడి ఎదురుచూస్తున్నారు. ఇద్దరూ చొక్కా మార్చుకుని వచ్చారు.

"అమ్మా, ఇదే. తీసుకుంటున్నానని ఒక్క మాట చెప్పు, చాలు. తర్వాత నువ్వు తనతో డైరెక్ట్‌గా మాట్లాడొచ్చు."

పిల్ల నా భుజం మీద నిద్రపోతోంది. నేను ఫోటో చాలాసేపు చూశాను. మంచి గుర్రం. కాదనడానికి మనసు రాలేదు. కానీ ఇవ్వనీయడానికి అసలే మనసు రాలేదు.

"గుర్రాన్ని నా మనవరాలికి ఇమ్మను" అన్నాను. "మర్యాదకేమీ లోటు చేయలేదని ఆ పెద్దాయనకు చెప్పు. నాకు మాత్రం వద్దు."

"అదేంటమ్మా? త్రీ ఇయర్స్ నా ప్రాణం తీశావు దీనికోసం."

"తీశాను. ఇప్పుడు వద్దంటున్నాను. నువ్వు ఉన్నంతకాలం అతను నాతో మాట్లాడకూడదు. వెళ్ళి చెప్పు."

ఆమె ఫోన్ జేబులో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుని డెక్ మీదికి వెళ్ళింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. నేను పిల్ల వీపు నిమురుతూ అక్కడే నిలబడ్డాను. కాసేపటికి డెక్ తలుపు దగ్గర తాళాలు గలగలలాడాయి, నేను సింకు వైపు తిరిగాను.